వెనక బ్రేకు

ఆ బండి మా మావయ్య షెడ్డుకి వచ్చేనాటికి నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. విశాఖపట్నంలో ఎవరో కలిగినవాళ్ళు తమ పిల్లవాడికి కొనిపెట్టిన చిన్న డర్ట్ బైకు అది. పిల్లవాడికి మోజు తీరింది, ఇంజను పట్టేసింది, బండి పాత ఇనుము కొట్టుకి చేరింది. మావయ్య దాన్ని అక్కడి నుంచి ఆటోలో వేసుకుని చోడవరం తెచ్చాడు. నా నడుము ఎత్తు కూడా లేదు. ముళ్ళు లేచిన టైర్లు, పైకెత్తి కట్టిన మడ్‌గార్డు. లైటు లేదు, హారన్ లేదు, నంబరు పలక లేదు. మావయ్య పది రోజులు దాని పక్కన కూర్చుని ఇంజను విప్పి బిగించాడు. పదకొండో రోజు కిక్కు కొడితే షెడ్డు రేకులు అదిరాయి.

మావయ్య మా అమ్మకి అన్న. అనకాపల్లి రోడ్డులో ఆయనకి మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉంది. ఆయన కొడుకు, అంటే మా బావ, నాకంటే మూడేళ్ళు పెద్ద. ఇంటర్‌తో చదువు ఆపేసి ఆర్మీ సెలక్షన్లకి తయారవుతున్నాడు. రోజూ పొద్దున్నే దేవరాపల్లి రోడ్డు మీద పరుగెత్తేవాడు. పాలవాళ్ళు కూడా అతన్ని చూసి టైము చెప్పేవారు. అప్పటికే రెండుసార్లు సెలక్షన్లకి వెళ్ళి తిరిగొచ్చాడు. వయసు దాటిపోయేలోగా ఇంకొక్క అవకాశం ఉంది.

అత్తకి ఒక సరదా ఉండేది. ఎవరింట్లో ప్రార్థన కూటం జరిగినా, మమ్మల్నిద్దర్నీ ఒకచోట చూస్తే చాలు, "ఈళ్ళిద్దరికీ దేవుడు ముందే రాసీసేడు" అనేది. బావ మొహం చిట్లించేవాడు. "దీన్నా? ఇది గుంటో గుంటడో ముందు తేల్చండి" అనేవాడు. నేను జీన్సు వేసుకుంటానని, స్కూటీ గట్టిగా తోలతానని, ఆడపిల్లనో మగపిల్లాడినో తెలియడం లేదని ఆ మాట. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక చాలాసేపు ఆ నవ్వు మొహానికి అంటుకునే ఉన్నట్టుండేది.

బండి బాగయిన రెండు నెలల్లో బావకి వీలీ వచ్చేసింది. ఊరి బయట, అమ్ముడుపోని ప్లాట్ల లేఅవుట్ ఒకటి ఉంది. ఎర్ర గ్రావెల్ రోడ్లు వేసి, సిమెంటు రాళ్ళు పాతి, గేటు కట్టి వదిలేశారు. ఒక పక్కంతా చెరుకు తోట. ఆ రోడ్ల మీద బావ ముందు చక్రం గాలిలోకి లేపి, ఒక్క వెనక చక్రం మీద యాభై అడుగులు వెళ్ళిపోయేవాడు. అతని వెనక ఎప్పుడూ ఇద్దరు స్నేహితులు ఉండేవారు. ఒకడు పొడుగ్గా ఉండేవాడు, వీడియోలు తీసేది వాడే. రెండోవాడు లావుపాటివాడు, ప్రతిదానికీ నవ్వేవాడు. వీడియోలకి పాట తగిలించి ఫోన్లలో పెట్టేవారు. మా కాలేజీలో ఆడపిల్లలు కూడా అవి చూసి "మీ బావంట కదా" అని నన్ను అడిగేవారు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక అమ్మకి పాటల ప్రాక్టీసని చెప్పి నేను లేఅవుట్‌కి వెళ్ళాను. గేటు పక్కన స్కూటీ ఆపి చూస్తూ నిలబడ్డాను. బావ నా ముందు నుంచే వెళ్ళాడు. ముందు చక్రం నా తల ఎత్తులో తిరుగుతోంది. అతను మాత్రం కుర్చీలో కూర్చున్నంత తాపీగా ఉన్నాడు. నాకు అది కావాలనిపించింది. అంతకు ముందు ఏ వస్తువు మీదా, ఏ చదువు మీదా నాకు అంత ఆశ పుట్టలేదు.

"నాకు నేర్పు బావా" అన్నాను.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లావువాడు అప్పుడే నవ్వడం మొదలెట్టాడు.

"గుంటలకి రాదే ఇది" అన్నాడు బావ.

"రాకపోతే మానేస్తాను."

"పడితే ఏడవకూడదు. ఇంట్లో సెప్పకూడదు."

"సెప్పను."

"అయితే ఎక్కు."

ఆ రోజు అతను నాకు చెప్పిన పాఠం ఇప్పటికీ పొల్లు పోకుండా చెప్పగలను. సీటు మీద బాగా వెనక్కి జరగాలి. మొదటి గేరులో మెల్లగా వెళుతూ యాక్సిలేటర్ తిప్పి, క్లచ్ ఒక్కసారి వదిలేయాలి. చక్రం లేవగానే ఇంకా తిప్పాలి. కాళ్ళు రెండూ వెనక్కి పెట్టుకోవాలి. ఆ చివరి మాట అతను రెండుసార్లు చెప్పాడు. "కాలి వేళ్ళు వెనక్కుండాల. పెడల్ మీద పెట్టకు, పట్టు తప్పుద్ది." నేను అలాగే పెట్టాను. క్లచ్ వదిలాను. బండి నా కింద నుంచి గుర్రంలా లేచింది. ఆకాశం కనిపించింది. తర్వాత వీపు కింద గ్రావెల్.

పొడుగువాడు అప్పటికే వీడియో తీస్తున్నాడు.

ఆరు ఆదివారాలు అలా గడిచాయి. హెల్మెట్ ఒక్కటే ఉండేది, అది బావది. అడిగితే, "నీకు లూజవుద్ది" అన్నాడు. మొదటి వారం మోచేతులు కొట్టుకుపోయాయి. రెండోవారం వెన్నుపూస చివర దెబ్బ తగిలి నాలుగు రోజులు కాలేజీ బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. మూడోవారం వెనక్కి పడి బోర్లా దొర్లినప్పుడు ముందుపన్ను అంచు విరిగింది. కాలేజీ మెట్ల మీద జారానని ఇంట్లో చెప్పాను. అమ్మ పన్ను చూసి ముందు అట్లకాడతో కొట్టింది, తర్వాత బెటాడిన్ రాసింది. రాస్తూ, "పన్నిరిగిన గుంటని ఎవులు సేసుకుంటారే?" అంది. మా నాన్న బస్సు కండక్టరు. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మ ఆ మాట పక్కింటివాళ్ళకి కూడా చెప్పేసింది.

పడిన ప్రతిసారీ బావ దగ్గరికొచ్చి నా మీదకి వంగేవాడు. లేపడానికి చెయ్యి ఇచ్చేవాడు కాదు. "నువ్వు భయపడతన్నావు. అందుకే పడతన్నావు" అనేవాడు. నేను నమ్మాను. తప్పు నాలోనే ఉందనుకున్నాను. మంచం మీద పడుకుని, భయం ఎక్కడ ఉందో వెతికి తీసేయాలని చూసేదాన్ని. మరుసటి వారం ఇంకా గట్టిగా తిప్పేదాన్ని, ఇంకా గట్టిగా పడేదాన్ని. లావువాడు ఒకసారి నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయాడు. నా పడిపోవడాలన్నీ కలిపి, వరసగా అతికించి, వాళ్ళు ఒక వీడియో చేశారు. బావ వీలీలకి ఎన్నడూ రానన్ని లైకులు దానికి వచ్చాయి. మొహం సరిగ్గా కనిపించలేదు కాబట్టి నేనేనని కాలేజీలో అప్పటికి ఎవరికీ తెలియదు. పక్క బెంచీ అమ్మాయి ఆ వీడియో నాకే చూపించి, "ఎవులే ఇది, ఇంత మొద్దు" అని నవ్వింది.

ఆరో వారం ఎడమ మణికట్టు వాచింది. క్లచ్ పట్టడం కష్టమైంది. నా వేళ్ళు పొట్టివి, లీవర్ అందక అలా జరుగుతోందేమో అనుకున్నాను. సోమవారం కాలేజీ అయ్యాక షెడ్డుకి వెళ్ళాను. బావ లేడు. మావయ్య ఒక బండి చైను కడుగుతున్నాడు.

"మావయ్యా, చిన్న బండి క్లచ్ లీవర్ కొంచెం దగ్గరికి జరుపుతావా?"

"నువ్వు తోలతన్నావేటి దాన్ని?" అని నా చెయ్యి చూశాడు. తర్వాత పన్ను చూశాడు. "బండి లేపుతన్నావా?"

తలూపాను. ఆయన తిడతాడనుకున్నాను. ఆయన చైను పక్కన పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఎక్కడ పడతన్నావు? ముందుకా, ఎనక్కా?"

"ఎనక్కే."

"ఎప్పుడూ ఎనక్కేనా? మరి ఎనక బ్రేకు నొక్కట్లేదా?"

"ఎనక బ్రేకెందుకు?"

మావయ్య లేచి వచ్చి, చిన్న బండిని స్టాండు మీద పెట్టి, కుడికాలి పెడల్ చూపించాడు. "బండి ఎనక్కి తిరిగిపోతందనుకో. దీన్ని ఇలగ ఒక్కసారి నొక్కితే ముందు చక్రం దానంతట అదే దిగిపోద్ది. కాలు దీనిమీదే ఉండాల. ఇది తెలీకుండా ఎవులేనా బండి లేపుతారేటి? సచ్చిపోతారు." నా వైపు తిరిగాడు. "మీ బావ సెప్పలేదా?"

కాళ్ళు వెనక్కి పెట్టమని రెండుసార్లు చెప్పిన మాట నాకు వినిపిస్తోంది. ఆరు వారాలు. ప్రతిసారీ అతను బండి లేపినప్పుడు కుడికాలు ఆ పెడల్ మీదే ఉండేది. నేను చక్రాన్నే చూశాను గానీ ఆ కాలిని చూడలేదు.

మావయ్య నాకు టీ తెప్పించాడు. నేను స్టూలు మీద కూర్చుని తాగుతుండగా బావ వచ్చాడు. షెడ్డులో ఇద్దరు మనుషులు తమ బండ్ల కోసం కూర్చుని ఉన్నారు. మావయ్య ఒక్కమాట అడిగాడు. "గుంటకి బ్రేకు సంగతి సెప్పేవా?" బావ నా వైపు చూశాడు. అంతే, మావయ్య గోడకి వేలాడుతున్న పెట్రోలు పైపు అందుకున్నాడు. వీపు మీద, తొడల మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టాడు. ఇరవై రెండేళ్ళవాడు, ఆర్మీకి వెళ్ళబోయేవాడు, చెయ్యి ఎత్తలేదు, అడ్డం పెట్టలేదు. బండ్ల కోసం వచ్చిన ఇద్దరిలో ఒకడు సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు. రెండోవాడు నేరుగానే చూశాడు.

నేను ఆపమని అనలేదు. టీ చివరిదాకా తాగాను. గ్లాసు అడుగున మిగిలిన పంచదార కూడా వేలితో తీసుకుని తిన్నాను.

మర్నాటి నుంచి మావయ్యే నాకు నేర్పాడు. పొద్దున్నే, చెరుకు బండ్లు గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు వరస కట్టకముందే, లేఅవుట్‌కి తీసుకెళ్ళేవాడు. ముందు వారమంతా బ్రేకు మీదే. చక్రం జానెడు లేపు, నొక్కు, దించు. మూరెడు లేపు, నొక్కు, దించు. కాలికి ఆ అలవాటు పట్టేదాకా పైకి లేపనివ్వలేదు. సాయంత్రాలు షెడ్డులో బండి విప్పడం నేర్పాడు. పెడల్‌ని వెనక చక్రానికి కలిపే బ్రేకు రాడ్డు ఎలా తీయాలో, స్ప్రింగు ఎటు ఉండాలో. "ఏ నట్టు ఇప్పేవో ఆ నట్టు దాని బోల్టుకే తిరిగి ఎక్కించు. కింద పెట్టకు. కింద పెట్టినోడు మెకానిక్ కాదు" అనేవాడు.

రెండోవారం చివర నాకు వీలీ వచ్చింది. చక్రం లేచింది, లేచి అక్కడే ఉండిపోయింది. చేతుల్లో బరువు పోయింది. ఇంజను మోత కూడా దూరంగా జరిగినట్టయింది. నేను, సీటు, వెనక చక్రం మాత్రమే ఉన్నాం. ఆరు సిమెంటు రాళ్ళు దాటేశాను. దిగి వెనక్కి చూస్తే మావయ్య గేటు దగ్గర నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "సాల్లే, పెట్రోలైపోద్ది" అన్నాడు. అది మెప్పని నాకు తెలుసు.

అక్కడితో ఆగిపోయుంటే బాగుండేది.

షెడ్డులో దెబ్బల సంగతి ఊళ్ళో పాకింది. పరుగుకి వెళుతుంటే కూడా ఎవరో "పైపు సల్లగుందేటిరా" అని అన్నారట. ఆ స్నేహితులిద్దరూ ఎదురుగా ఏమీ అనేవారు కాదు గానీ లావువాడి నవ్వు ఆగేది కాదు. అప్పుడు బావ దాచిపెట్టిన వీడియో ఒకటి బయట పెట్టాడు. నాలుగోవారంలో నేను పడినప్పటిది. టాపు పైకి లేచిపోయి, ప్యాంటు వెనక చిరిగిపోయి, నేను బోర్లా దొర్లి, మొహం ఫోన్ వైపు తిరిగి ఉన్నాను. ఆ ముక్కని నెమ్మదిగా కదిలేలా చేసి, మొహం దగ్గర గుండ్రంగా గీత గీసి పెట్టాడు. ఎవరికీ అనుమానం లేకుండా కింద మా కాలేజీ పేరు రాశాడు.

రెండు రోజుల్లో కాలేజీ అంతా చూసింది. మూడో రోజుకి మా చర్చి పెద్దల్లో ఒకాయన చూశాడు. ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు ఆయన మా అమ్మని పక్కకి పిలిచి మాట్లాడాడు. అమ్మ తిరిగొచ్చి పాటల వరసలో నిలబడ్డ నన్ను చెయ్యి పట్టి లాగి, చివరి చాప మీద కూర్చోబెట్టింది. పాటల పుస్తకం నా చేతిలోంచి తీసుకుని వేరే అమ్మాయికి ఇచ్చింది. ఇంటికొచ్చాక తలుపేసి కొట్టింది. "పరువు తీసీసేవు. సండే స్కూలు పిల్లలకి పాఠం సెప్పేదాన్ని, ఆళ్ళకి నేనేటి సెప్పాల?" అంటూ కొట్టింది. వీడియో తీసినవాళ్ళ గురించి, పెట్టినవాడి గురించి ఒక్కమాట కూడా అడగలేదు. నేను చెప్పబోయాను. "వాడు మొగోడు. వాడికేటి?" అంది.

ఆ రోజు నేను ఏడవలేదు. ఫోన్ తీసి బావ వీడియోలన్నీ మొదటి నుంచి చూశాను. ఈసారి చక్రాన్ని చూడలేదు. అతని కుడికాలునే చూశాను. చూసినకొద్దీ ఒక సంగతి తెలిసింది. అతను చక్రాన్ని చాలా ఎత్తుకి, తిరగబడే అంచు దాకా తీసుకెళతాడు. అక్కడ బ్రేకు నొక్కి వెనక్కి తెచ్చుకుంటాడు. ప్రతి వీడియోలోనూ అంతే. యాక్సిలేటర్‌తో దించడం అతనికి రాదు. బ్రేకు లేకపోతే అతను వెనక్కి పడతాడు.

మావయ్య పనిమీద విశాఖపట్నం వెళ్ళిన మూడు రోజులు నేను పొద్దున్నే షెడ్డు తాళం తీసి బండి బయటికి తెచ్చాను. తాళంచెవి ఎక్కడ పెడతారో నాకు తెలుసు. లేఅవుట్‌లో బ్రేకు రాడ్డు విప్పేసి, బ్రేకు లేకుండా లేపడం నేర్చుకున్నాను. తక్కువ ఎత్తులో లేపి, యాక్సిలేటర్ వదిలితే దానంతట అదే దిగుతుంది. ఎత్తు పెంచకూడదు, అంతే. మూడు రోజుల్లో కాలికి పెడల్ని మరిపించాను.

ఆ వచ్చిన ఆదివారం సాయంత్రం బావ, స్నేహితులిద్దరూ చిన్న బండితో లేఅవుట్‌లో ఉండగా వెళ్ళాను. నన్ను చూసి పొడుగువాడు తల దించుకున్నాడు. బావ దించుకోలేదు.

"ఎందుకొచ్చేవు?"

"నువ్వు బండి లేపుతావు కదా. బ్రేకు లేకుండా లేపగలవా?"

"అదేటి?"

"బ్రేకుంటే ఎవులేనా లేపుతారు. నేను బ్రేకు తీసీసి లేపుతాను. తర్వాత నువ్వు లేపు. లేపలేకపోతే ఆ వీడియో తీసీసి, నన్ను ఏటి సేసేవో మా అమ్మకొచ్చి సెప్పు."

లావువాడు మొదటిసారి నవ్వలేదు. నేను సంచిలోంచి స్పానర్ తీశాను. అందరూ చూస్తుండగానే నట్టు విప్పి, రాడ్డు బయటికి లాగి, నట్టుని రాడ్డుకే తిరిగి ఎక్కించి, నేలకి తగలకుండా పైకి కట్టేశాను. పెడల్ నొక్కి చూపించాను. ఉత్తినే కిందకి వెళ్ళి వేలాడింది. తర్వాత ఎక్కి, చక్రం మూరెడు ఎత్తు లేపి, మూడు సిమెంటు రాళ్ళ దూరం వెళ్ళి దించాను. తిరిగొచ్చి బండి అతని ముందు పెట్టాను.

"ఇంతేనా" అన్నాడు పొడుగువాడు. "మరీ కిందగా లేపింది."

ఆ మాట నేను చెప్పించినట్టే వచ్చింది. నేను నవ్వాను. "బావ ఎత్తుకి లేపుతాడులే" అన్నాను.

బావ నా మొహంలోకి చూశాడు. బండి వైపు చూశాడు. ఎక్కాడు. హెల్మెట్ పెట్టుకోబోయి, నాకు లేదు కాబట్టి, పక్కన పడేశాడు.

చక్రం ఎప్పటిలాగే పైకి లేచింది, ఇంకా పైకి. అంచు దగ్గర అతని కుడికాలు పెడల్ని నొక్కింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఖాళీగా ఆడిన ఆ పెడల్ చప్పుడు నాకు వినిపించింది. బండి వెనక్కి తిరగబడింది. అతను ముందు నడుము మీద పడ్డాడు, తర్వాత బండి అడ్డంగా అతని కాలి మీద పడింది. ఎండిన చెరుకు గడ విరిగినట్టు చప్పుడైంది. ఒక క్షణం అతను అరవలేదు కూడా.

పాదం ఉండాల్సిన వైపు లేదు. లావువాడు చెరుకు తోటలోకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. పొడుగువాడి చేతిలో ఫోన్ ఇంకా తీస్తూనే ఉంది. నేను దగ్గరికి వెళ్ళి బావ మీదకి వంగాను. అతను నాతో చేసినట్టే. చెయ్యి ఇవ్వలేదు. "నువ్వు భయపడ్డావు, అందుకే పడ్డావు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. కోపంలో నోరు జారిన మాట కాదు. అనాలని ముందే అనుకుని వచ్చాను.

గోవాడలో చెరుకు దింపి ఖాళీగా వస్తున్న ట్రాక్టరు ఒకటి ఆపారు. తొట్టిలో మిగిలిన చెరుకు ఆకుల మీద అతన్ని పడుకోబెట్టారు. రోడ్డు గుంతలో చక్రం దిగిన ప్రతిసారీ అరుపు వినిపించింది. చాలా దూరం దాకా వినిపించింది. నేను ట్రాక్టరు ఎక్కలేదు. స్కూటీ మీద ఇంటికి వెళ్ళి, స్నానం చేసి, అన్నం తిన్నాను.

రాత్రికి విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కాలిలో రాడ్డు వేశారు. రెండు నెలల తర్వాత మళ్ళీ కోసి సరిచేశారు. ఎంత చేసినా కుడికాలు కొంచెం పొట్టిదైపోయింది. సెలక్షన్లు ఆ ఏడు వచ్చాయి, వెళ్ళాయి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పందెం కాసుకున్నారు, అందరి ముందే బ్రేకు తీసింది, వాడికి తెలిసే ఎక్కాడు. స్నేహితులిద్దరూ అలాగే చెప్పారు. అందులో అబద్ధం లేదు.

బండిని ఎవరో షెడ్డుకి చేర్చారు. నాలుగో రోజు నేను అటు వెళితే, మావయ్య దాని పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చాడు. రాడ్డుకి ఎక్కించి ఉన్న నట్టుని వేలితో తిప్పుతున్నాడు.

"మా వోడైతే ఈ నట్టు ఎక్కడో పారేసుండేవాడు" అన్నాడు. తర్వాత, "షెడ్డు తాళంచెవి నేనెట్టిన సోట లేదు. నేను ఊళ్ళో లేనప్పుడు నువ్వు తీసేవా?" అని అడిగాడు.

"తీసేను."

"ఎన్ని రోజులు?"

"మూడు."

ఆయన కళ్ళు ఎత్తలేదు. పైపు గోడకే ఉంది. ఆయన దాని వైపు వెళితే బాగుండునని నేను నిలబడి ఎదురుచూశాను. "ఇంటికెల్లు. ఇంక ఇటు రాకు" అన్నాడు. అంతే. ఆ సంగతి ఆయన అత్తకి చెప్పలేదు, మా అమ్మకి చెప్పలేదు. ఎలా తెలుసంటే, ఏడాది తిరక్కుండానే అత్త మా ఇంటికి సంబంధం మాట్లాడడానికి వచ్చింది.

బావ కూడా వచ్చాడు. చేతికర్ర పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అత్త లోపల అమ్మతో, "ఎప్పట్నుంచో అనుకున్నదే కదొదినా. కాలు కొద్దిగా, అంతే. పనికేటి అడ్డం లేదు" అంది. అమ్మ గొంతు తగ్గించలేదు. "కుంటోడికి నా పిల్లనెలాగ ఇస్తానొదినా? ఆడే తిన్నగుంటే అప్పుడు మాట. నాకున్నది ఒక్కత్తే." నేను వంటగదిలో కూరగాయలు తరుగుతున్నాను. కిటికీలోంచి బావ మెడ వెనక భాగం కనిపిస్తోంది. ఆ మాట అంటున్నప్పుడు అది కదల్లేదు. నాకు బతికిపోయాననిపించింది. నేను బయటికి వెళ్ళలేదు. వాళ్ళకి పెట్టిన టీ అలాగే చల్లారిపోతే తర్వాత నేనే పారబోశాను.

డిగ్రీ అయ్యాక నాకు విశాఖపట్నంలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మావయ్య నడుము పట్టేసి పని మానేశాడు. షెడ్డు బావ చూసుకుంటున్నాడు. పోయిన వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు నా స్కూటర్ని అక్కడికి తీసుకెళ్ళాను. బ్రేకు కీచుమంటోంది, నిజమే. కానీ ఊళ్ళో ఇంకా నాలుగు షెడ్లున్నాయి. అతనికి చెప్పాలని వెళ్ళాను.

అతను నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. స్టూలు చూపించాడు. పొట్టి కాలు చాపుకుని కింద కూర్చుని చక్రం విప్పుతుంటే, నేను చెప్పాను. "బావా, ఆ రోజు నేను తిన్నగా ఆడలేదు. ముందే మూడు రోజులు బ్రేకు లేకుండా ప్రాక్టీసు సేసేను. నీ వీడియోలు సూసి, నువ్వు పడతావని తెలిసే ఎక్కించేను."

అతను పని ఆపలేదు. "తెలుసే" అన్నాడు.

"మావయ్య సెప్పేడా?"

"నాన్నేటీ సెప్పలేదు. నీ మొకం సూస్తే తెలిసింది. బ్రేకు లేకుండా మొదటిసారి లేపేటప్పుడు ఎవులేనా భయపడతారు. నువ్వు భయపడలేదు."

"మరెందుకెక్కేవు?"

"ఆళ్ళిద్దరూ సూస్తన్నారు. నువ్వు నవ్వుతన్నావు." బ్రేకు లైనర్ మీద గరుకు కాగితం రుద్దుతూ అన్నాడు. "ఆరు వారాలు నిన్ను పడీసేను. దానికి నాన్న కొట్టీసేడు, అది సెల్లిపోయింది. ఆ తర్వాత పెట్టిన వీడియో ఉంది సూడు, అది తప్పే. దానికి కాలు పోయింది. సరే. కానీ నేను కింద పడున్నప్పుడు నువ్వొచ్చి ఒక మాటన్నావు."

"అన్నాను."

"అది దేనికీ సెల్లదు."

క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది. కానీ అతను చక్రం బిగించి, స్కూటర్ తీసుకుని, రోడ్డు మీద కొంత దూరం తోలి, రెండుసార్లు బ్రేకు వేసి చూసి, తిరిగి తెచ్చాడు. కీచుమనడం పోయింది. స్టాండు వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"బాగయిపోయింది. ఇంక ఏ షెడ్డుకేనా ఎల్లు. ఇక్కడికి రాకు" అన్నాడు. వాళ్ళ నాన్న అన్న మాటే, కానీ గొంతులో కోపం లేదు. మామూలుగా ఉంది.

తర్వాత రెండుసార్లు ఊరికి వెళ్ళాను. షెడ్డున్న ఆ రోడ్డు తప్పించుకోవాలంటే చీడికాడ వైపు నుంచి చుట్టు తిరిగి రావాలి. తిరిగే వస్తున్నాను.